రెండో లెక్క

జనవరి 9

పెద్దసారు దగ్గర పీహెచ్‌డీ చేసే పొడుగమ్మాయి ఈ రోజు నంబరు పైకి అనబోయింది. "ఆంటీ, ఇందులో మొత్తం..." అనగానే చెయ్యెత్తి ఆపాను. ఈ గదిలో నంబరు నోటితో పలకకూడదు. మొదట చూసినవాళ్లు చీటీ మీద రాసి, మడిచి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. రెండోవాళ్లు తాము లెక్కపెట్టింది ల్యాబు లెక్కల పుస్తకంలో రాయాలి. అప్పుడే చీటీ విప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. పెట్టింది నేనే. ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెవిలో పడ్డ నంబరు కంట్లోకి దిగుతుంది, అంతే. మా పనిలోవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని రోగం ఇది.

రెండో లెక్కకు కూర్చున్నాను. కణం బాగానే విచ్చుకుంది, రంగు బాగానే పట్టింది. కానీ ఒక మూల రెండు క్రోమోజోముల జతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు అనిపించింది. "అస్పష్టం" అని రాశాను. చీటీ విప్పితే "పదిహేడు జతలు, ఒక ఒంటరిది" అని ఉంది.

పెద్దసారు అచ్చు వేయించిన పుస్తకంలో ఈ కొండ పుదీనాకు పద్దెనిమిది జతలు.

"స్లైడు బాగానే ఉంది కదా ఆంటీ?" అంది పొడుగమ్మాయి.

"బొటనవేలు నిలువుగా నొక్కాలి. నువ్వు పక్కకు జరిపావు," అన్నాను.

ఆమె పక్కకు జరపలేదు. ఆమెకు నొక్కడం నేర్పింది నేనే.

జనవరి 11

రోజంతా ఆ గొట్టంలో ఏం చూస్తావే అని అక్క అడిగింది. ముప్పై ఏళ్ల తర్వాత అడగాలని తోచింది మహాతల్లికి. దాని మోకాళ్లకు నూనె రాస్తూ చెప్పాను. పుదీనా కుటుంబం మొక్కలవి మొగ్గలు కోసుకొస్తాం. ఆవగింజంత ఉండగానే, ఉదయం తొమ్మిది దాటకుండా కోయాలి. ఆ మొగ్గలో పుప్పొడి తయారయ్యేటప్పుడు తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చిందీ జత కడతాయి. కాసేపు పక్కపక్కన నిలబడతాయి. తర్వాత విడిపోయి ఒకటి అటు, ఒకటి ఇటు వెళ్లిపోతాయి. ఎన్ని జతలో లెక్కపెట్టడమే నా పని.

"పెళ్లీ విడాకులూ ఒకే పూటలోనా! నయం, లాయర్ల బెడద లేదు," అంది. రెండో మోకాలు చాపి, "మరి జత దొరకనిది?" అంది.

"మధ్యలో ఉండిపోతుంది. అటూ పోదు, ఇటూ పోదు. అలాంటి మొక్కకు పుప్పొడి చాలావరకు తాలే. గింజ కట్టదు."

"మనలాగన్నమాట," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జనవరి 16

మళ్లీ అస్పష్టం. మూడు స్లైడులు.

జనవరి 21

పొడుగమ్మాయిని పెద్దసారు తన గదికి పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. ఆయన బల్ల మీద ఆయన పుస్తకం ఉంది. అట్ట చిరిగితే నేనే అతికించాను. ఆ గుంపు మొక్కలన్నిటికీ ఆయన వేసిన వంశవృక్షం అందులో ఉంది. మొదలు ఈ కొండ పుదీనాయే. పద్దెనిమిది అనే అంకె మీద మిగతా నలభై మొక్కలూ నిలబడ్డాయి.

"పద్దెనిమిది నా అభిప్రాయం కాదమ్మా, మొక్క అభిప్రాయం," అన్నారు.

"మొక్క ఇప్పుడు వేరేగా చెప్తోంది సార్," అంది పొడుగమ్మాయి. ఆయన ముందు అలా మాట్లాడినవాళ్లు నాకు తెలిసి లేరు.

"అదే కుండీ. అదే మొక్క. తీగ ముక్కలు నాటి ఇరవై రెండేళ్లు బతికించాను. మొక్క మారదు. చూసే చెయ్యి మారింది." నా వైపు తిరిగారు. "రెండో లెక్క ఏమంటోంది?"

"అస్పష్టం అని రాశాను సార్."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ సార్."

"విన్నావా?" అన్నారు ఆమెతో. "రెండో లెక్క లేకుండా నీ థీసిస్ మీద నేను సంతకం పెట్టను. మార్చి ముప్పై ఒకటికి నేను రిటైరవుతున్నాను. నీ గడువు కూడా అదే రోజు. తర్వాత ఎవరూ నిన్ను తీసుకోరు, వయసు దాటిపోయింది. ఆలోచించుకో."

బయటికి వచ్చాక వరండాలో ఆమె నన్ను చూసింది. తిట్టినా బాగుండేది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటారు. సారును అనుకుంటూ మెట్లు దిగాను. కుందేలును పట్టినప్పుడు చెవులు పట్టుకున్నదెవరో కూడా గుర్తొచ్చింది. తల నొప్పిగా ఉందని ఇంటికి వచ్చేశాను.

జనవరి 22

ఇరవై రెండేళ్ల కిందట ఆ రోజు నాకూ పద్దెనిమిదే కనిపించాయి.

జనవరి 30

పొడుగమ్మాయి వారం నుంచి జతలు లెక్కపెట్టడం మానేసి పుప్పొడి చూస్తోంది. రంగు వేస్తే మంచి పుప్పొడి ఎర్రగా అవుతుంది, తాలుది తెల్లగా ఉండిపోతుంది. నన్ను పిలిచి చూపించింది. మూడొంతులు తెల్లగానే ఉన్నాయి. కుండీలోని ఎండిన పూలన్నీ గిల్లి చూసిందట, ఒక్క గట్టి గింజ లేదట. విడిపోతున్న కణాల్లో మధ్యలో ఒకటి మిగిలిపోయి ఉంది, అటూ ఇటూ కాకుండా. ఏ స్లైడు తీసినా అదే.

"పద్దెనిమిది జతలూ సరిగ్గా ఉంటే ఇన్ని తాలు గింజలు ఎందుకొస్తాయి ఆంటీ?"

"నీళ్లు ఎక్కువ పోసుంటావు."

నా మాట నాకే చెత్తగా వినిపించింది. ఆమె వాదించలేదు. టీ తాగుతూ తన సంగతులు చెప్పింది. ఆమెకు ముప్పై మూడు. బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం, పర్మనెంటు, వదిలేసి ఇక్కడికొచ్చింది. ఆ రోజు నుంచి వాళ్లమ్మ ఫోనులో రెండు మాటలకు మించి మాట్లాడదట, "తిన్నావా?", "సరే." పట్టా చేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడితే తప్ప మూడో మాట రాదు అంది. నవ్వుతూనే అంది. ఈ ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మైక్రోస్కోపు మీదికి వంగి వంగి నడుము పట్టేసింది. అంత పొడుగు మనిషికి మా బల్ల ఎత్తు చాలదు, దాని కింద ఇటుకలు పెట్టి లేపాను.

నేను మంచిదాన్నేనని రుజువు చేసుకోవడానికి ఇటుకల సంగతి రాశానేమో.

ఫిబ్రవరి 4

అస్పష్టం. నలభై ఒకటోది.

ఫిబ్రవరి 5

"మీకు ఏదీ స్పష్టంగా కనిపించదా ఆంటీ?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

కళ్లద్దాలు మార్చుకోవాలి అన్నాను.

ఫిబ్రవరి 8

సారు చెడ్డమనిషి కాదు. ఇది రాసి పెట్టుకోవాలి. నేను ఇక్కడ చేరేనాటికి అక్కకు నడక లేదు, మాకు చోటు లేదు. ఆయనే ఎవరెవరి కాళ్లావేళ్లా పడి నాకు ఈ క్వార్టరు ఇప్పించారు. అక్క ఆపరేషన్ రోజు రాత్రీ పగలూ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నారు. నాకు అక్షరం ముక్క తప్ప ఏమీ రాని రోజుల్లో బొటనవేలితో ఎలా నొక్కాలో పట్టుకుని నేర్పారు. ఆయన ఉప్పు తిన్నాను.

పోయిన వారం నాకు మరో రెండేళ్లు పొడిగింపు కావాలని పైకి ఉత్తరం రాశారు. నేను అడగలేదు.

ఆ రోజు నాకూ పద్దెనిమిదే కనిపించాయనే గుర్తు.

ఫిబ్రవరి 11

పొడుగమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. రావాల్సిందే, తెలివైన పిల్ల.

"సారు మొదట చూసిన స్లైడు ఎక్కడుంది ఆంటీ? ఇరవై రెండేళ్ల కిందటిది. పుస్తకంలో నంబరు వేశారు, రెండు వందల పన్నెండు. అది తీసి చూస్తే గొడవే లేదు కదా! అందులో పద్దెనిమిది ఉంటే నాదే తప్పని నేనే ఒప్పుకుంటా."

"ఎక్కడుందో ఏమో. మధ్యలో రెండుసార్లు గదులు మారాం. వెతకాలి."

బీరువాలో మూడో సొరుగు, ఎడమ వైపు ఆరో గాడి. కళ్లు మూసుకుని తియ్యగలను.

ఫిబ్రవరి 13

పొడుగమ్మాయి భోజనానికి వెళ్లినప్పుడు 212 తీశాను. స్లైడుకు అతికించిన నంబరు చీటీ మీద నా చేతిరాత ఉంది. అప్పట్లో అక్షరాలు గుండ్రంగా రాసేదాన్ని. సారు ఆ కణం చుట్టూ సిరాతో గీసిన సున్నా అలాగే ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టాను. చూశాను.

ఇన్నేళ్లకు రంగు వెలిసింది. లెక్కపెట్టడానికి వీలుగా లేదు.

తీస్తుంటే చెయ్యి జారింది. కింద గచ్చు నేల. పగిలిపోయింది.

ఫిబ్రవరి 14

చెయ్యి జారింది. యాభై ఏడేళ్లు వచ్చాయి, చేతులు వణుకుతాయి.

ఫిబ్రవరి 15

ఊడ్చే ఆమె అడిగింది, "గాజు పగిలిందన్నారు, నేల మీద ఒక్క ముక్క లేదేంటమ్మా?"

అన్నీ ఏరేశానన్నాను. చెత్తడబ్బాలో చూసిందేమో తెలియదు. డబ్బాలో అది రెండే ముక్కలుగా ఉంది. గచ్చు మీద పడ్డ స్లైడు రెండు ముక్కలు కాదు, రెండు వందలవుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగనివాటికి కూడా జవాబులు చెప్పాను. కుర్చీ ఎలా తగిలిందో, నేను ఎటు తిరిగానో అంతా చెప్పాను. పాపం చీపురు పట్టుకుని విన్నది.

ఫిబ్రవరి 20

212 పగిలిపోయిందని పొడుగమ్మాయికి చెప్పాను. ఎప్పుడు అని అడిగింది. ఎప్పుడో పాతరోజుల్లో అన్నాను.

స్టూలు మీద కూర్చుని చాలాసేపు కిటికీలోంచి కుండీల వైపు చూసింది. తర్వాత ఏడ్చింది. నాకు ఎదుటివాళ్లు ఏడిస్తే ఏం చెయ్యాలో తోచదు. భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి వేసి నేను అన్న మాట ఇక్కడ రాయాలి, లేకపోతే రేపు మరోలా గుర్తుపెట్టుకుంటాను.

"ఎందుకమ్మా ఈ బాధ. ఆయన నంబరు ఆయనకు రాసిచ్చెయ్. పట్టా తీసుకుని బయటపడు. తర్వాత నీ ఇష్టం. లోకంలో ఇలాంటివి ఎన్ని లేవు?"

తలెత్తి చూసింది. "మీరు పెట్టిన చీటీ పద్ధతి చూసే నేను ఈ ల్యాబులో చేరాను ఆంటీ. ఎక్కడా ఇంత నిజాయితీగా చెయ్యరని అందరికీ చెప్పేదాన్ని."

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

మార్చి 2

అన్నం సయించడం లేదని అక్క పట్టేసింది. దాని దగ్గర ఏదీ దాగదు. మంచం మీద నుంచే నా ఇరవై రెండేళ్ల కథంతా లాగింది. పగలగొట్టిన సంగతితో సహా. అన్నీ విని కంచం పక్కకు జరిపింది. 

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు కదే," అంది. "పుస్తకంలో ఒక్కసారి నిజం రాస్తే పోయేది."

"రాస్తే సారు పరువు పోతుంది. పొడిగింపు పోతుంది. ఈ ఇల్లు పోతుంది. నిన్ను ఎక్కడ పెట్టుకోను?"

"నన్ను అడ్డం పెట్టుకోకు. నా మోకాళ్లకు చాలా పాపాలున్నాయి, నీది కూడా మొయ్యలేవు."

నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నెలు కడిగాను.

మార్చి 5

సారుకు ఆఖరి రోజుల సందడి. ఎవరెవరో దండలు తెస్తున్నారు. ఆయన కళ్లలో పొర వచ్చింది, నడవలో నన్ను చూసి "ఎవరమ్మా?" అన్నారు. చెయ్యి పట్టుకుని గదిలో దించాను. "నువ్వు లేకపోతే ఆ పుస్తకం లేదమ్మా," అన్నారు. మనసారా అన్నారు.

ఆయనకు నిజం తెలియదు. ఆయన అబద్ధం ఆడలేదు. ఇది ఎవరికి చెప్పాలి?

మార్చి 9

ఈ డైరీని ఎవరూ చదవరు. ఇందులో కూడా దొంగలెక్కలే రాస్తే నాకన్నా వెర్రిది ఉండదు.

ఆ రోజు ఉదయం నేను మొగ్గల సీసాతో గదిలోకి వచ్చేసరికి సారు మైక్రోస్కోపు దగ్గర నుంచి లేచి చప్పట్లు కొడుతున్నారు. "పద్దెనిమిది జతలు! నేను అనుకున్నదే!" చిన్నపిల్లాడిలా ఉన్నారు. "కూర్చో, నువ్వూ చూడు, పుస్తకంలో రెండో సంతకం నీదే," అన్నారు. అంతవరకు రెండో సంతకం పెద్ద చదువులవాళ్లదే. నేను సీసాలు కడిగే మనిషిని. కూర్చున్నాను. ఆయన నా వెనకే నిలబడ్డారు.

పదిహేడు జతలు. ఒక ఒంటరిది.

మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడు, ఒకటి. మూడోసారి. ఆ ఒంటరిది కాస్త పెద్దది, వంకర తిరిగి ఉంది, తొందరలో చూస్తే జత అనుకోవచ్చు. సారు తొందరలో ఉన్నారు. నేను లేను. నేను నింపాదిగా చూశాను.

"ఎన్ని?" అన్నారు.

"పద్దెనిమిది సార్," అన్నాను. సంతకం పెట్టాను.

నెల తిరగకుండానే చీటీ పద్ధతి పెట్టాను. ఇంకెవరికీ అలా జరగకూడదని అనుకున్నాను. అంత నియమం పాటించేదాన్ని నేను దొంగనెలా అవుతాను అని నాకు నేను చెప్పుకోవడానికే పెట్టానని ఇప్పుడు తెలుస్తోంది. పోయిన నెల 212 చూసినప్పుడు రంగు వెలవలేదు. నిన్న చేసినట్టుంది. పదిహేడు, ఒకటి. డబ్బా దగ్గరికి నడిచి, దాని అంచుకేసి కొట్టి విరిచి, వేశాను.

మార్చి 12

బయటి నుంచి పరీక్షకుడు వస్తున్నాడు, పద్దెనిమిదో తారీఖున. పొడుగమ్మాయి అందరి ముందు ఒక స్లైడు చెయ్యాలి. ఆమె చీటీ రాస్తుంది, నేను రెండో లెక్క రాస్తాను. రెండూ కలిస్తే అప్పుడే సంతకం అని సారు చెప్పారు. ఈసారి "అస్పష్టం" అని రాయడానికి లేదు.

నిజం రాస్తాను.

మార్చి 13

నిజమే రాస్తాను. ఆమె పదిహేడు ఒకటి రాస్తుంది, నేనూ అదే రాస్తాను. రెండు లెక్కలూ ఒకటైతే పరీక్షకుడి ముందు సారు కాదనలేరు. ఆమెకు పట్టా వస్తుంది. నా సంగతి తర్వాత.

అక్కకు చెప్పాను. "సామాను సర్దనా?" అంది. మొదటిసారి దాని చెయ్యి పట్టుకుని పడుకున్నాను.

మార్చి 17

సాయంత్రం పొడుగమ్మాయి ల్యాబులోనే ఉంది, రేపటికి సూదులు తుడుస్తోంది. తుప్పు సూదులు విడిగా పెట్టింది. తుప్పులోని ఇనుముకే రంగు చిక్కగా పడుతుంది. అదీ నేను నేర్పిందే. ముఖం పీక్కుపోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. రేపు నేను నిజం రాస్తున్నానమ్మా అని చెప్పేస్తే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది.

చెప్పలేదు. ముందే మాట్లాడుకుంటే అది రెండో లెక్క ఎలా అవుతుంది? ఇద్దరూ కూడబలుక్కున్నారని సారు అంటే? ఈ ఒక్కసారైనా నియమం నియమంలా జరగాలి అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది.

"పెందలాడే పడుకో," అన్నాను.

"మీరూ ఆంటీ," అంది. సూది చేతిలో పట్టుకుని నా వైపే చూసింది.

మార్చి 18

పరీక్షకుడు నాచు మొక్కల మీద పని చేసినవాడు, క్రోమోజోముల లెక్క తనకు రాదని ముందే చెప్పాడు. బొద్దుగా, మర్యాదగా ఉన్నాడు. చీటీ పద్ధతి విని ముచ్చటపడ్డాడు. "మా దగ్గర కూడా పెట్టాలి," అన్నాడు.

ఏడున్నరకు మొగ్గలు కోశాం. ఆమె స్లైడు చేసిన తీరు చూసి నాకు కళ్లు చెమర్చాయి. సూదితో పుప్పొడి తిత్తిని విడదియ్యడం, దీపం మీద గోరువెచ్చగా చూపించడం, అద్దుడు కాగితం వేసి బొటనవేలితో నిలువుగా ఒకే ఒక్క నొక్కు. నా కన్నా బాగా చేసింది. ఐదు నిమిషాల్లో మంచి కణం దొరికింది. అది చూసి, చీటీ రాసి, మడిచి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

కూర్చున్నాను. ఇరవై రెండేళ్లలో అంత స్పష్టమైన కణం చూడలేదు. పదిహేడు జతలు. ఒక ఒంటరిది, కాస్త పెద్దది, వంకర తిరిగి. పుస్తకంలో రాశాను, అక్షరాల్లోనూ అంకెల్లోనూ. సంతకం పెట్టాను.

పరీక్షకుడు నా లెక్క చదివాడు. తర్వాత చీటీ విప్పాడు.

పద్దెనిమిది జతలు.

నేను పొడుగమ్మాయి వైపు చూశాను. ఆమె పుస్తకంలో నా రాత వైపు చూస్తోంది. అంత రక్తం లేని ముఖం నేను ఆసుపత్రిలో కూడా చూడలేదు.

సారు నెమ్మదిగా వచ్చి మైక్రోస్కోపులో చూశారు. ఆయనకు ఇప్పుడు నా ముఖమే కనిపించదు. "పద్దెనిమిది," అన్నారు.

"కాదు సార్," అన్నాను. "ఆ రోజు కూడా కాదు. 212లో కూడా పదిహేడే. నేను చూసి అబద్ధం రాశాను."

"212 తీసుకురా," అన్నారు.

"పగిలిపోయింది సార్."

"ఎవరి చేతిలో?"

"నా చేతిలో."

సారు కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "రెండు నెలలుగా ఈమెకు ఏదీ స్పష్టంగా కనిపించడం లేదండీ," అన్నారు పరీక్షకుడితో. "పుస్తకం చూడండి, ప్రతి పేజీలో తనే రాసుకుంది. నేనే గమనించుకోవాల్సింది. ముప్పై ఏళ్లు కళ్లు అరగదీసింది నా కోసం."

పరీక్షకుడు పేజీలు తిప్పాడు. అస్పష్టం, అస్పష్టం, అస్పష్టం. జాలిగా తలాడించాడు. నా లెక్క మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద తన సంతకం పెట్టాడు. సారు కూడా పెట్టారు. పొడుగమ్మాయికి శుభాకాంక్షలు చెప్పారు. ఆమె థాంక్యూ సార్ అంది.

మార్చి 19

నేను రాసిన ఒకే ఒక్క నిజం లెక్క మీద గీత ఉంది.

మార్చి 24

పొడిగింపు ఉత్తరం సారు వెనక్కి తీసుకున్నారు. నా ఆరోగ్యం కోసమేనట. క్వార్టరు జూన్ దాకా ఉంచుకోవచ్చు. అక్క గిన్నెలు లెక్కపెట్టి ఏవి అమ్మాలో ఏవి ఉంచాలో చెబుతోంది. ఒక్క దెప్పిపొడుపు మాట అనలేదు.

మార్చి 28

మధ్యాహ్నం పొడుగమ్మాయి ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. సంతకాలైపోయాయి. వాళ్లమ్మ ఫోనులో అరగంట మాట్లాడిందట. నా ఉద్యోగం ఆమెకే ఇస్తున్నారు, ఒకటో తారీఖు నుంచి.

"ల్యాబులో అడుగు పెట్టాలంటే కాళ్లు రావడం లేదు ఆంటీ," అంది. "ఏ కణం చూసినా ముందు పద్దెనిమిదే కనిపిస్తోంది. కావాలని కాదు. నిజంగానే అలా కనిపిస్తోంది."

కుర్చీ తెచ్చి గుమ్మంలో వేశాను, ఆమె కూర్చోలేదు.

"ఆ ముందురోజు మీరు గుమ్మంలో నిలబడ్డారు. ఏమైనా అంటారేమోనని చూశాను. మీరు నిజం రాస్తారని ఒక్క మాట అనుంటే నేనూ నిజమే రాసేదాన్ని. ఒక్కదాన్నే అనుకున్నాను. మీరే కదా రాసిచ్చెయ్ అన్నారు."

"ముందే చెప్పుకుంటే రెండో లెక్క చెల్లదమ్మా," అన్నాను. ఇన్నాళ్ల తర్వాత నా నోటికి వచ్చింది ఆ మాటే.

"అవును. నియమం కదా," అంది. వెక్కిరింపు కాదు. ఒప్పుకుంది. బీరువా తాళంచెవి కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. మెట్లు దిగి వెళ్లిపోయింది.

"ఎవరే వచ్చింది?" అంది అక్క లోపలి నుంచి.

"పొడుగమ్మాయి."

"పట్టా వచ్చిందట కదా. పోనీలే, ఎవరికో ఒకరికి మంచి జరిగింది. పని నీ దగ్గరే నేర్చుకుంది కదూ?"

"నా దగ్గరే," అన్నాను.